లేపాక్షికి నాలుగో మనిషి

లేపాక్షి నందిని నేను ఎన్ని గోడల మీద వేశానో నాకే గుర్తులేదు. ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరిన ఏడాది మొదలు రిటైరయ్యే దాకా, ఏ పండగ వచ్చినా, ఏ ఆఫీసరు తనిఖీకి వచ్చినా, "మేడమ్, ఆ నంది వేసేయండి" అనేవాళ్లు. వేసేదాన్ని. మెడలో గంటల దండ, వీపు మీద పట్టీలు, ఎత్తిన తలలో ఆ పొగరు, అన్నీ కళ్లు మూసుకుని వేయగలను. పిల్లలకు చీర అంచులు వేయడం నేర్పేటప్పుడు కూడా లేపాక్షి స్తంభాల మీది నమూనాలే నేర్పాను. అన్నిట్లోకీ నాకిష్టం హంసల వరస. ఇవన్నీ ఒక పాత అచ్చు పుస్తకంలో చూసి నేర్చుకున్నవే, అందులో బొమ్మలు నలుపు తెలుపులో ఉండేవి. లేపాక్షిని మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

చూడకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. బడి నుంచి విహారయాత్ర బస్సు బయల్దేరిన ప్రతిసారీ, రాలేని పిల్లలు కొందరు మిగిలిపోయేవాళ్లు. వాళ్లను చూసుకోవడానికి ఒక టీచరు బడిలో ఉండాలి. లెక్కల టీచరు ఉంటే పిల్లలు ఏడుస్తారు, డ్రాయింగ్ టీచరైతే సాయంత్రం దాకా బొమ్మలేయిస్తూ కూర్చోబెడుతుంది, ఇదీ హెడ్మిస్ట్రెస్ గారి లెక్క. పెండ్లయిన టీచర్లు భర్తల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని బస్సెక్కేవాళ్లు. నాకు పెండ్లి కాలేదు గనక బస్సులో నాకోసం సీటు పట్టేవాళ్లు కూడా లేరు. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, మిగిలిన పిల్లలకు లేపాక్షి నందిని నేర్పేదాన్ని. అప్పుడు పెద్దగా బాధ అనిపించలేదు. ఎప్పుడైనా పోవచ్చులే అనుకునేదాన్ని.

స్టాఫ్ రూములో కిటికీ పక్క బల్ల మా ముగ్గురిది. ఒకామె సోషల్ టీచరు, ఒకామె తెలుగు టీచరు, నేను. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే ఎవరి కూర ఎవరు తిన్నామో తెలిసేది కాదు. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు, అక్కా అని పిలుస్తారు. రిటైరయ్యాక సోషల్ టీచరు జమ్మలమడుగులో సొంతింటికి పోయింది, భర్త లేడు, ఒక్కడే కొడుకు. తెలుగు టీచరు పులివెందుల దగ్గర భర్త చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పోయింది. నేను ప్రొద్దుటూరులోనే ఉండిపోయాను. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, రోజుకొక కొత్త ముగ్గు వేస్తాను. ఆ తర్వాత నాకు పనిలేదు. ఒక్కదానికోసం వంకాయ కోసేటప్పుడు సగం కోసి సగం ఫ్రిజ్‌లో పెట్టడం నాకు ఇప్పటికీ చికాకే. అలవాటైపోతుందని అందరూ చెప్పారు. అబద్ధం చెప్పారు.

అందుకే చలికాలం రాగానే మా ముగ్గురి ఫోన్ గ్రూపులో నేనే కదిలించాను. ఒక కారు మాట్లాడుకుని, గండికోట నుంచి లేపాక్షి దాకా తిరిగొద్దామన్నాను. ఇద్దరూ సరేనన్నారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ప్లాను వేసుకోవడానికి ముగ్గురం జమ్మలమడుగులో సోషల్ టీచరు ఇంట్లో కలిశాం. తెలుగు టీచరు పులివెందుల నుంచి సంచి నిండా చీనీకాయలు మోసుకొచ్చింది. ఆమెకు రైలు మీద మోజు.

"కారేంటికక్కా, రైల్లో అయితే కాళ్లు సాపుకోని మాట్లాడుకుంటా పోవచ్చు," అంది.

"పులివెందులకు రైలే ల్యాకపాయ, నువ్వు యాడెక్కుతావు?" అంది సోషల్ టీచరు. "గండికోటకు రైలు యాడుండాది? ఇదేమన్నా తిరుపతి అనుకుంటివా?"

తెలుగు టీచరు చీనీకాయ ఒలుస్తూ మూతి ముడుచుకుంది. కారే ఖాయమైంది.

నేను పెద్ద డ్రాయింగ్ షీటు పరిచి దారి గీశాను. తెల్లవారక ముందే జమ్మలమడుగులో బయల్దేరి, సూర్యుడు వచ్చేసరికి గండికోటలో పెన్నా లోయ అంచున ఉండాలి. ఎండ ముదరకముందే మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం చూసి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి, తెలుగు టీచరు ఇంట్లో భోజనం. రాత్రికి కదిరిలో పడక. రెండో రోజు పూర్తిగా లేపాక్షికే. పొద్దున పైకప్పు చిత్రాలు, ఎండ వాలాక లతా మంటపం స్తంభాలు, పొద్దు గూకే వేళకు ఆ సగంలో ఆగిపోయిన కల్యాణ మంటపంలో ఊరికే కూర్చోవాలి. ఆ చోట "మాటలు వద్దు" అని కూడా రాశాను. షీటు మూలలో కారు బొమ్మ వేసి, వెనక సీటులో ఎడమ కిటికీ పక్కన నా పేరు రాసుకున్నాను. అంత వయసొచ్చి కిటికీ కోసం పిల్లల్లాగా ముందే సీటు పట్టుకున్నానని ఇద్దరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ, బస్సు గేటు దాటుతుంటే చెయ్యి ఊపింది వాళ్లా నేనా?

అంతా అయ్యాక తెలుగు టీచరు చేతులు తుడుచుకుంటూ, "అది సరేక్కా, ముగ్గురం ఎట్ల పోతాం?" అంది.

మా వైపు ముగ్గురు కలిసి ప్రయాణం పోరు. ముగ్గురే పోవాల్సి వస్తే ఒక రాయిని వెంట తీసుకుని, దాన్ని నాలుగో మనిషిగా లెక్కపెట్టుకుంటారు. చేరాల్సిన చోటికి చేరాక ఆ రాయిని అక్కడే పెట్టేస్తారు. పెద్ద చదువులు చదివి, పిల్లలకు మూఢనమ్మకాల మీద పాఠాలు చెప్పిన మేము ముగ్గురం దీని మీద ఒక గంట వాదించుకున్నాం.

"డ్రైవరుతో నలుగురమే కదమ్మా," అంది సోషల్ టీచరు.

"ఆయప్ప పనికి వస్తాండాడు, మనం ఊరు చూడ్డానికి పోతాండాం. ఆయప్ప ఎట్ల లెక్కలేకి వస్తాడు?" అంది తెలుగు టీచరు.

 రాయి నేను తెస్తానన్నాను.

మా ఇంటికి బండలు పరిచినప్పుడు మిగిలిన ముక్కలు మేడ మీద మూలన ఉన్నాయి. వాటిలోంచి అరచేతిలో పట్టేంత నల్లబండ ముక్కను ఏరి, అంచులు సాఫీగా అరగదీశాను. అంతటితో ఊరుకోవచ్చు. కానీ నాతోపాటు కారులో వచ్చే మనిషి బోడిగా రావడం నాకు నచ్చలేదు. తెల్లరంగు తీసి, చుట్టూ నాకిష్టమైన హంసల వరస వేశాను. కళ్లజోడు ఎగదోసుకుంటూ, ఒక్కొక్క ముక్కునూ సన్నకుంచెతో దిద్దుతూ కూర్చుంటే ఒక పూట ఎట్లా గడిచిందో తెలియలేదు. ఆ పూట నేను శానా సంతోషంగా ఉన్నాను.

కారు జమ్మలమడుగు నుంచే కాబట్టి, బస్సులో పోయి రాయిని సోషల్ టీచరుకు అప్పజెప్పి వచ్చాను. ఆమె దాన్ని చూసి, "రాయికి గూడా పట్టుచీర కట్టినావు గదక్కా," అని నవ్వి, టీవీ పక్కన పెట్టింది. ఆమె కోడలు కొత్తగా వచ్చిన పిల్ల, కృష్ణా జిల్లా వైపు అమ్మాయి, ఉద్యోగం చేసేది బెంగళూరులో. ఆ రోజు ఇంట్లోనే ఉంది. "ఇదేంటండీ, భలే ఉందే" అని రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎందుకో అడిగి తెలుసుకుంది. నా దారి పటాన్ని కూడా ఫోన్లో ఫొటో తీసుకుంది. దాచుకుంటానంటే నాకు గర్వంగా అనిపించింది.

ప్రయాణం దగ్గర పడింది. కొత్త స్కెచ్ పుస్తకం కొన్నాను. చెనిక్కాయల పొడి కొట్టి సీసాకు ఎత్తాను. అప్పుడు తెలుగు టీచరు ఫోన్ చేసింది. తోటలో నిచ్చెన మీంచి పడి ఆమె భర్త కాలు విరిగింది.

"నేను రాలేనక్కా. మీరిద్దరూ పోయిరాండి," అంది. గొంతులో ఏడుపు ఉంది. నేను ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టాక, ఆయన కాలు గురించి కాకుండా లేపాక్షి గురించి ఆలోచిస్తున్నానని తెలిసి నాకే సిగ్గేసింది. అయినా ఆలోచన ఆగలేదు. ఇద్దరమైతే ఇంకా సులువు, ఏ రాయీ అక్కర్లేదు, అనుకుంటూ జమ్మలమడుగుకు ఫోన్ చేశాను.

"ఇద్దరమే ఏం పోతాం లేక్కా," అంది సోషల్ టీచరు. "ఆయమ్మ గూడా ఉంటేనే బాగుంటాది. ఆయప్ప కాలు బాగవనీ, అప్పుడు చూద్దాం."

ఆమె చెప్పింది న్యాయమే. ముగ్గురం అనుకున్నది ఇద్దరం పోతే తెలుగు టీచరు మనసు నొచ్చుకుంటుంది. సరే ఆగుదాం అన్నాను. చెనిక్కాయల పొడి రోజూ అన్నంలో కలుపుకుని నేనే తిన్నాను. స్కెచ్ పుస్తకం అట్టకు ఉన్న ప్లాస్టిక్ కాగితం తీయలేదు, అది లేపాక్షిలోనే తీయాలని పట్టుబట్టాను. ఎవరితో పట్టుబట్టానో నాకే తెలియదు. తర్వాత కొన్నాళ్లు గ్రూపులో శుభోదయాలు తప్ప ఏమీ రాలేదు.

ఒక శనివారం పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తుండగా ఫోన్ మోగింది. చేతులు కడుక్కుని చూస్తే ఫొటో. పెన్నా లోయ, ఎర్రటి రాళ్ల మీద అప్పుడే పడుతున్న ఎండ. కింద కోడలు పిల్ల రాసింది: "ఆంటీ, మీ ప్లాన్ సూపర్! మీరు రాసినట్టే సూర్యోదయానికి వచ్చేశాం."

మొదట నాకు అర్థం కాలేదు. ఎవరెవరు వచ్చేశారు? ఇంకో ఫొటో వచ్చాక తెలిసింది. మసీదు ముందు సోషల్ టీచరు, కొడుకు, కోడలు. పిల్లలిద్దరికీ సెలవు కలిసొచ్చినట్టుంది. కొడుకు కారులో పోయారు. నా షీటులో ఉన్న దారినే, నేను రాసిన వేళకే.

ఆ రోజంతా నేను ఇంట్లో కూర్చుని గండికోట నుంచి కదిరికి ప్రయాణం చేశాను. గడియారం చూస్తే చాలు, వాళ్లు ఎక్కడున్నారో నాకు తెలుసు. ఇప్పుడు ధాన్యాగారంలో ఉంటారు, చల్లగా ఉంటుంది. ఇప్పుడు ముద్దనూరు దాటి ఉంటారు. భోజనాల వేళకు, పులివెందులలో తెలుగు టీచరు ఇంటికి పోయి ఆమె భర్తను పలకరించి ఉంటారు. అనుకున్నట్టే ఆయన కాలికట్టుతో మంచం మీద కూర్చున్న ఫొటో వచ్చింది. తెలుగు టీచరు విడిగా నాకు ఫోన్ చేసి, "నువ్వేంటికి రాల్యాక్కా? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

"ఆఁ, కొంచెం నలతగా ఉండాది," అన్నాను. 

మధ్యాహ్నం వచ్చిన ఫొటోను నేను చాలాసేపు చూశాను. కారు వెనక సీటు. ఎడమ కిటికీ పక్కన నా రాయి. హంసలు పైకి కనిపించేట్టు నిలబెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టారు. కింద కోడలు పిల్ల రాసింది: "ముగ్గురం అయ్యాం కదా ఆంటీ, అత్తయ్య ఒప్పుకోలేదు. మీ సీట్లో మీ రాయి." చివర ఒక నవ్వే బొమ్మ.

ఆ పిల్ల తప్పేమీ లేదు. సరదాగా పంపింది, నేనూ నవ్వుతాననుకుంది.  నేను ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను. ఏమీ చేయకుండానే తిరిగి వచ్చి మళ్లీ ఆ ఫొటోనే తీశాను. ముగ్గురయ్యారు. నాలుగో మనిషి కావాలని వాళ్లకు తెలిసింది. అందుకోసం ఇల్లంతా చూసి, టీవీ పక్క నుంచి నా రాయిని తీసుకున్నారు. ఆ రాయిని ఇచ్చిన మనిషి అరగంట దూరంలో, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చుని ఉందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. అదే నా ఏడుపు. ఆ సాయంత్రం నిజంగానే ఏడ్చాను, ఎవరూ వినరు కాబట్టి కొంచెం గట్టిగానే.

రెండో రోజు ఫోన్ చూడకూడదనుకున్నాను. పొద్దు వాలాక వీడియో కాల్ వచ్చింది. ఎత్తకుండా ఉండలేకపోయాను.

"ఆంటీ, లతా మంటపంలో ఉన్నామండీ," అంది కోడలు పిల్ల. "మీరు రాయి మీద వేసిన హంసలు ఏ స్తంభం మీద ఉన్నాయండీ? అన్నీ ఒకేలా ఉన్నాయి."

ఒకేలానా! ఒక్క స్తంభం మీద ఉన్న నమూనా ఇంకో దాని మీద ఉండదని ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పి ఉంటాను. కోపంతో అంతా మర్చిపోయాను.

"ఫోను మెల్లగా తిప్పు. ఇంకొంచెం ఎడమకు. కిందికి. ఆగు, ఆగు," అన్నాను.

అదే. నా హంసలు. నలుపు తెలుపు పుస్తకంలో చూసి చూసి ఆ రాయి నల్లగా ఉంటుందనుకున్నాను. అది గోధుమ రంగులో ఉంది. సాయంత్రపు ఎండ పడినచోట పసుపుగా ఉంది. నేను నేర్పినదాని కంటే హంసల మెడలు ఇంకొంచెం వంగి ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను కొంచెం బిర్రుగా వేశాను. "దగ్గరికి పో, ఇంకా దగ్గరికి," అంటూ నేను కూడా ఫోనుకు ముఖం ఆనించాను. ఆ కాసేపూ నేను ఆ స్తంభం ముందే ఉన్నాను. తర్వాత బొమ్మ ముక్కలు ముక్కలై, ఆగిపోయి, కాల్ తెగిపోయింది. ఎదురుగా మా ఇంటి గోడ ఉంది.

దీపాలు పెట్టే వేళకు సోషల్ టీచరు ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం.

"అక్కా, ఏం రాసినావక్కా ప్లాను! కల్యాణ మంటపంలో నువ్వు చెప్పినట్టే గమ్మున కూచుంటిమి. మా వానికే కండ్లల్లో నీళ్లొచ్చె. చేరుకున్యాం కదా, నీ రాయిని ఆడనే ఒక స్తంభం కింద పెట్టేసినాం."

"మరి తిరిగొచ్చేటప్పుడు గూడా ముగ్గురే కదమ్మా?" అన్నాను.

"ఆఁ, రేపు పొద్దున ఇంగో రాయి ఏరుకుంటాంలే. ఈడ రాళ్లకేం తక్కువ?"

నాకు కోపం వస్తే ఆగదని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. ఆ క్షణం కోపమే రావాల్సింది. రాలేదు. గొంతు మామూలుగానే ఉంది.

"నన్ను ఒక మాట అడిగింటే వచ్చుంటాను కదమ్మా. నాలుగో మనిషిని నేనుంటి కదా."

 అవతల గుడి దగ్గర ఎవరో పిల్లలు అరుస్తున్నారు.

"పిల్లోళ్లు అప్పటికప్పుడు అనుకున్యారక్కా," అంది. "కొత్తగా పెండ్లయినోళ్ల మధ్యలో నీకేం పొద్దు పోతాదిలే అనుకుంటి. నువ్వు చూడాలని ఇంత ఇదిగా ఉండావని..." అక్కడ ఆగిపోయింది. తర్వాత, "తప్పు చేస్తినా అక్కా?" అంది.

 

"ఆ రాయిని తిరిగి తీసుకోని రా," అన్నాను.

"పెట్టిన రాయిని మళ్లీ తెస్తే మంచిది కాదంటారక్కా."

"నాకు మంచీ వద్దు, చెడ్డా వద్దు. అది మా ఇంటి నుంచి వచ్చిన మనిషి. అందరూ కలిసి పిలుచుకోనిపోయి, దాన్నొక్కదాన్నీ ఆడ విడిచిపెట్టి రావాకండి."

ఇంకేమైనా అంటే ఏడుస్తానని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున ముగ్గు వేయలేదు. వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి ఫోన్లో ఒక ఫొటో ఉంది. కారు వెనక సీటు, ఎడమ కిటికీ పక్కన నా రాయి. మంచుకు తడిసి హంసలు మెరుస్తున్నాయి. దాని పక్క సీటులో సోషల్ టీచరు కూర్చుని, పడిపోకుండా దాని మీద చెయ్యి వేసి ఉంది. కోడలు పిల్ల ఈసారి నవ్వే బొమ్మ పెట్టలేదు.